తాడిపత్రి లాడ్జి, బెలుం గుహలు, ఒక నాపరాయి

ముందు లాడ్జి సంగతి చెప్పాలి, కోపం ఇంకా తగ్గలేదు. ఫోన్‌లో ఏసీ రూమ్ 1,600 అన్నారు. రాత్రి పదింటికి తాడిపత్రిలో సామాన్లతో దిగాక ఎక్స్‌ట్రా బెడ్ అంటూ 2,400 చేశారు. ఇచ్చింది పల్చటి పరుపు. ఏసీ గంటకోసారి ఆగింది. నాన్న చివరికి కింద పడుకుని "నాపబండ చల్లగా ఉందిలేరా" అన్నారు. ఆ మాటకి నాకు ఇంకా బాధేసింది. రేటు వాట్సాప్‌లో రాయించుకోకుండా ఎవరూ వెళ్లకండి.

మర్నాడు బెలుం. గుహల పొడవు 3,229 మీటర్లు, మనం తిరగగలిగేది సుమారు కిలోమీటరున్నర. ఉక్కపోతకి మా ఆవిడ మధ్యలోనే కూర్చుండిపోయింది. పెద్దవాళ్లుంటే పొద్దున్నే వెళ్లండి.

అసలు ఆనందం దొరికింది కొలిమిగుండ్ల దారిలో, ఒక నాపరాయి గని దగ్గర. అక్కడి పెద్దాయన బండ అంచున ఉలి పెట్టి, కొంచెం కొంచెం జరుపుతూ సుత్తితో కొట్టాడు. సన్నటి గీత పాకింది. పలుగు దూర్చి ఎత్తితే, పెనం మీంచి దోసె లేచినట్టు పొర మొత్తం లేచింది. "వరస తప్పితే ముక్కలవుతాది సార్" అన్నాడు.

ఆ వరస, అంటే పొరల తీరే, ఈ రాయి ఎలా పుట్టిందో చెబుతుంది. 50 కోట్ల ఏళ్లకు పైబడిన మాట, ఇక్కడ సముద్రం ఉండేది. అడుగున సున్నపు బురద పొర మీద పొర పేరుకుంది. పైబరువుకి నీరు బయటికి పోయి, సున్నమే రేణువుల్ని అతికించి సున్నపురాయి చేసింది. మా హైదరాబాద్ గ్రానైట్ అలా కాదు. కరిగిన రాయి భూమి లోపల నెమ్మదిగా చల్లారి గట్టిపడింది, అందుకే దానికి పొరల్లేవు. వాన నీరు గాల్లో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. అది పగుళ్ల వెంట సున్నపురాయిని కరిగిస్తూ పోతేనే బెలుం గుహలు ఏర్పడ్డాయి. వంటింటి కడప బండ కూడా సున్నపురాయే, దాని మీద నిమ్మరసం పడితే మచ్చ పడేదీ ఇందుకే.

పెద్దాయన డబ్బు తీసుకోలేదు. మావాడికి అరచేతంత ముక్క ఇచ్చాడు.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో భోజనం 90 రూపాయలు. పప్పు, గోంగూర పచ్చడి అద్భుతం, మజ్జిగ అడిగినన్ని సార్లు పోశారు. మావాడు ఆ ముక్కని తాళంచెవితో గీకి, ఆ పొడి మీద నిమ్మచెక్క పిండాడు. చిన్న చిన్న బుడగలు లేచాయి. రాత్రి నుంచీ ముభావంగా ఉన్న నాన్న కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వంగి, "ఇంకో చుక్క వెయ్యి" అన్నారు.