బెజవాడలో మీడియా డిగ్రీ: ఐదుకి రెండున్నర

ఇంటర్ రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి మా పిన్ని కొడుకు రోజూ ఫోన్ చేసి ‘అక్కా, నువ్వు చదివిన ఆ మీడియా గ్రూపు తీసుకోమంటావా’ అని బుర్ర తింటున్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా. కాలేజీ పేరు అడక్కండి, బెజవాడలోనే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ, అంతవరకు చాలు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తా. అడ్మిషన్లప్పుడు స్టూడియో చూపిస్తారు. ఆకుపచ్చ తెర, లైట్లు, ఏసీ. మా నాన్న అక్కడికక్కడే ఫీజు కట్టేశారు. క్లాసుకి 42 మందిమి, కెమెరా ఒక్కటి, అది బీరువాలో, తాళం ఆఫీసులో, ఆఫీసాయన సెలవులో. మూడేళ్లలో నేను ఆ కెమెరా పట్టుకున్నది పావుగంట ఉంటుందేమో. మిగతావన్నీ ఫోన్‌తో తీసినవే. బీసెంట్ రోడ్డులో ఒకావిడ బైట్, అంటే కెమెరా ముందు రెండు మాటలు, తీసుకుంటే ఆవిడ గొంతు కంటే పక్కన ‘ఏదైనా వంద, ఏదైనా వంద’ అన్న అరుపే శుభ్రంగా రికార్డయింది.

ఆకాశవాణి కేంద్రం 1948 నుంచీ ఉన్న ఊరు ఇది, ఆంధ్రజ్యోతి 1960లో మొదలైంది కూడా ఇక్కడే, అలాంటి ఊళ్లో ఉండి మమ్మల్ని ఒక్క స్టేషన్‌కి గానీ ఒక్క పత్రికాఫీసుకి గానీ తీసుకెళ్లిన పాపాన పోలేదు.

థియరీ అంతా నోట్సు, బట్టీ. అజెండా సెట్టింగ్ అని ఒకటుంది: 1968 అమెరికా ఎన్నికలప్పుడు చాపెల్ హిల్ అనే ఊళ్లో ఓటు ఎవరికో ఇంకా తేల్చుకోని వంద మందిని అడిగితే, మీడియా దేన్ని పెద్దది చేసి చూపించిందో దాన్నే వాళ్లూ పెద్ద సమస్య అన్నారట. మెక్‌కాంబ్స్, షా అనే పరిశోధకులు దాన్ని 1972లో అచ్చు వేశారు. మాకది ఐదు మార్కుల ప్రశ్న, అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. మా మేనత్త వాళ్లు మా ఇంట్లో తలదాచుకున్నారు. అక్కడ వాళ్ల ఫ్రిజ్, మంచాలు, పిల్లల పుస్తకాలు అన్నీ బురదలో ఉన్నాయి, ఈవిడేమో టీవీ ముందు కూర్చుని ‘బ్యారేజీ గేట్లకి గుద్దుకున్న ఆ పడవలు ఎవరివటే’ అని నన్ను అడుగుతోంది! పడవలూ వార్తే, కాదనను.

ఇక మంచి మాట. వార్తలు దిద్దే డెస్క్‌లో ఇరవై ఏళ్లు చేసిన ఒక సార్ వారానికి రెండు క్లాసులకి వచ్చేవారు. నేను ‘రోడ్డు ప్రమాదంలో వ్యక్తి దుర్మరణం’ అని రాసిస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసి, ‘వ్యక్తి ఎవరమ్మా, పేరు లేదా? లారీ కింద పడ్డాడా, గోతిలో పడ్డాడా?’ అని మళ్లీ పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేయించారు. గొయ్యట. హెడ్డింగే మారిపోయింది. ఆయన క్లాసుకి మాత్రం ఎవరూ బంకు కొట్టేవాళ్లు కాదు.

ఇంకోటి, సిలబస్‌లో తెలుగు టైపింగ్ లేదు. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన చోట మొదటి ప్రశ్నే ‘టైపింగ్ వచ్చా’. రెండు నెలలు విడిగా ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి నేర్చుకున్నా, ఆ డబ్బులు మళ్లీ నాన్నవే.

రెండున్నరలో ఒకటిన్నర ఆ సార్‌కే. ఆయన ఈ ఏడాది మానేశారని జూనియర్లు చెప్పారు, కాబట్టి మా తమ్ముడి లెక్కకి ఒకటే వేసుకోమన్నా.