కంపెనీ మెయిల్ పెట్టిస్తున్నారా? మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి

ఎర్రగుంట్ల దగ్గర మాకు కడప బండల పాలిష్ యూనిట్ ఉంది. పోయినేడాది కడపలో వెబ్‌సైట్లు చేసే ఒకాయనతో డొమైన్ (ఇంటర్నెట్‌లో మన కంపెనీ అడ్రస్), వెబ్‌సైట్, కంపెనీ పేరుతో మెయిల్ అన్నీ కలిపి 18 వేలకు మాట్లాడుకుని, డబ్బంతా ముందే చేతిలో పెట్టేశాను. బుద్ధి తక్కువ పని.

మూడు నెలలు కొటేషన్లు పంపుతూనే ఉన్నా, ఒక్కరూ పలకరు. మన రేటే ఎక్కువేమో అని అడుగుకు రెండు రూపాయలు తగ్గించి కూడా చూశాను. చివరికి బెంగళూరులో ఉండే మన ప్రొద్దుటూరు కాంట్రాక్టరు ఒకాయన ఫోన్ చేసి "ఏంన్నా, రేటు పంపుతానంటివి, పంపనే లేదే, వేరే చోట తీసేసుకున్నాం" అన్నాడు. వెతికితే మా మెయిల్ ఆయన స్పామ్‌లో పడి ఉంది. రెండు లారీల సరుకు పోయింది.

వెబ్‌సైట్ ఆయన్ను అడిగితే "స్పామ్ చూసుకోమని మీ కస్టమర్లకు చెప్పండన్నా" అంటాడు. గట్టిగా నిలదీస్తే ఏడాదికి ఇంకో 6 వేలు కడితే 'డెలివరీ ప్యాకేజ్' వేస్తాడంట!

అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుకు పండక్కి వచ్చి, మా మెయిల్ నుంచి తన జీమెయిల్‌కు ఒకటి పంపించుకుని, కంప్యూటర్‌లో దాన్ని తెరిచి మూడు చుక్కల మీద నొక్కి 'షో ఒరిజినల్' చూశాడు. మెయిల్ నిజంగా మన దగ్గర్నుంచే వచ్చిందా అని జీమెయిల్ చేసే తనిఖీలు అక్కడ కనిపిస్తాయి. ఎస్‌పీఎఫ్ దగ్గర పాస్ లేదు, ఎర్రర్. డీకిమ్, అంటే మెయిల్ మన డొమైన్‌దేనని చూపే డిజిటల్ సంతకం, అసలు లేనే లేదు.

ఎస్‌పీఎఫ్ అంటే మన డొమైన్ పేరుతో ఏయే సర్వర్లు మెయిల్ పంపొచ్చో డీఎన్‌ఎస్‌లో (డొమైన్ వివరాలు అందరి సర్వర్లూ చూసుకునే పట్టికలో) రాసిపెట్టే ఒక టీఎక్స్‌టీ రికార్డు. డొమైన్‌కు అది ఒక్కటే ఉండాలి. వెబ్‌సైట్ ఆయన హోస్టింగ్‌కు (మా వెబ్‌సైట్, మెయిల్ ఉండే సర్వర్‌కు) ఒకటి, మేం కొటేషన్లు పంపే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇంకొకటి వేశాడు. అట్లా రెండుంటే అవతలి సర్వర్ ఏదో ఒకటి తీసుకోదు, రెండూ చెల్లవంటుంది. రెండింటి ఇన్‌క్లూడ్‌లూ (ఫలానా సర్వీసు సర్వర్లనూ కలుపుకోమని చెప్పే మాటలు) ఒకే రికార్డులో పెట్టాలి, దాన్ని చదవడానికి అవతలి సర్వర్ డీఎన్‌ఎస్‌లో వెతకాల్సినవి, అంటే లుకప్‌లు, 10 దాటకూడదు. పైగా ఒకదాని చివర 'ప్లస్ ఆల్' అని ఉంది, అంటే లోకంలో ఎవరైనా మా పేరుతో మెయిల్ పంపుకోవచ్చని మేమే రాసిచ్చినట్టు.

"మీది చిన్న వ్యాపారం, ఇవన్నీ పెద్ద కంపెనీలకే" అనే మాట నమ్మకండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు ఎవరు పంపినా ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాల్సిందే. జీమెయిల్ వాళ్లకు రోజుకు 5,000 మెయిళ్లు పంపేవాళ్లకైతే రెండూ ఉండాలి, డీమార్క్ (ఆ తనిఖీల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో అవతలి సర్వర్‌కు చెప్పే రికార్డు) కూడా. మాకు ఒక్కటీ సరిగ్గా లేదు.

డీఎన్‌ఎస్ లాగిన్ ఇవ్వడానికి ఆయన తొమ్మిది రోజులు తిప్పించుకున్నాడు. చేతికొచ్చాక మావాడికి గంట పని. ఎస్‌పీఎఫ్ ఒకటే ఉంచాడు, హోస్టింగ్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ విడివిడిగా డీకిమ్ వేశాడు, డీమార్క్ ప్రస్తుతానికి 'నన్' మీద, అంటే తప్పిన మెయిల్‌ను ఆపమని చెప్పకుండా, పెట్టాడు. ఇవన్నీ ఉన్నా ప్రతి మెయిలూ ఇన్‌బాక్స్‌లోనే పడుతుందని గ్యారంటీ లేదు గానీ, ఇప్పుడు జవాబులైతే వస్తున్నాయి.

మీరు పెట్టించుకుంటుంటే సగం డబ్బు ఆపండి, 'షో ఒరిజినల్'లో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటికీ పాస్ చూశాకే మిగతాది ఇవ్వండి. డొమైన్ ఎవరి పేరు మీద కొన్నారో కూడా అడగండి. మాది ఇంకా ఆయన పేరు మీదే ఉంది, నవంబర్‌లో రెన్యూవల్, రోజూ ఫోన్ చేస్తున్నా, ఎత్తడం లేదు.