వెళ్ళిపోయిన బ్యాంక్స్, ఉండిపోయిన గోవర్

19వ శతాబ్దపు ఇంగ్లండులో మగవాణ్ణి ప్రేమించిన రాజకీయ నాయకుడు ఎలా బతకాలి? ఇద్దరి జీవితాలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

విలియం జాన్ బ్యాంక్స్ పార్లమెంటు సభ్యుడు, ఈజిప్టు యాత్రికుడు. ఈజిప్టులోని ఫిలే ద్వీపం నుంచి ఆయన తెప్పించిన స్తంభం మీది రాతలు ఈజిప్టు లిపిని చదవడానికి తోడ్పడ్డాయి. మగవాడితో సంబంధం ఉందన్న ఆరోపణపై 1833లో విచారణ జరిగితే నిర్దోషిగా బయటపడ్డాడు. 1841లో మళ్ళీ పట్టుబడ్డాడు. మగవాళ్ళ మధ్య సంబంధానికి 1861 దాకా అక్కడి చట్టంలో మరణశిక్షే ఉంది. ఆస్తి సోదరుల పేర పెట్టి ఇటలీ వెళ్ళిపోయాడు. అక్కడ చెక్కించిన పాలరాతి పనులు తన ఇల్లు కింగ్‌స్టన్ లేసీకి పంపుతూ, ఏది ఎక్కడ అమర్చాలో ఉత్తరాల్లో రాస్తూ, 1855లో వెనిస్‌లో పోయాడు. తను ఉండలేని ఇంటిని అంత ప్రేమగా తీర్చిదిద్దడం తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. 1981లో ఆ ఇల్లు చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టుకు దక్కింది.

లార్డ్ రొనాల్డ్ గోవర్ మాత్రం కదల్లేదు. 1867 నుంచి 1874 దాకా ఎంపీ, ఆపై శిల్పి. షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్ ఊరికి 1888లో షేక్‌స్పియర్ స్మారకాన్ని కానుకగా ఇచ్చాడు. తన సహచరుడు ఫ్రాంక్ హర్డ్‌ను దత్తత తీసుకున్నాడు.

నాకు గోవర్ దారే నచ్చుతుంది. అయితే ఆయన డ్యూక్ కొడుకు, పైగా బ్యాంక్స్‌లా అరెస్టు కాలేదు. సామాన్యుడికి ఆ రక్షణ ఎక్కడిది?