బల్లార్షా నుంచి చంద్రపూర్ కోట దాకా, తెలుగులో చెప్పే ఆటో అన్న

బల్లార్షా స్టేషన్ బయట ఆటో నడిపే ఒక అన్న కోటలు చూపించే ట్రిప్ వేస్తుండు, తెలుగు మస్తు మాట్లాడ్తడు. మంచిర్యాల నుంచి మా మేనత్త వాళ్లొస్తే తీస్కపోయిన.

ముందు వర్ధా ఒడ్డున బల్లార్పూర్ కోట. ఇక్కడ బాగా తొందర పెట్టిండు, నది దిక్కు గోడ కాడ కాసేపు నిలబడనియ్యలే, అది నచ్చలే. చంద్రపూర్ చేరినంక మాత్రం మనిషే మారిపోయిండు. జట్పురా గేట్ దగ్గర అంత ట్రాఫిక్‌ల బండి పక్కకు ఆపి, ఏనుగు మీద సింహం బొమ్మ చూపించి, ఇది గోండు రాజుల గుర్తు అని మొదలువెట్టిండు. మనం బళ్లె మొఘలులంటే ఢిల్లీ, ఆగ్రా, శివాజీ అంతవరకే చదివినం, పక్కనే ఉన్న చాందా (చంద్రపూర్ పాత పేరు) గోండు రాజ్యం ముచ్చట ఎవరూ చెప్పలే. అక్బర్ కాలంల ఇక్కడి రాజు బాబాజీకి వెయ్యి గుర్రాలు, 40,000 కాల్బలం అని అక్బర్ ఆస్థానంల రాసిన అయిన్-ఇ-అక్బరీ పుస్తకంలనే ఉంది. 1667ల ఔరంగజేబు తన సేనాపతి దిలేర్ ఖాన్‌ను తోలితే ఇక్కడి రాజు కప్పం కట్టి గద్దె కాపాడుకున్నడు, అదే ఇంకో గోండు రాజ్యం దేవ్‌గఢ్ రాజు బఖ్త్ బులంద్ అయితే ఇస్లాంల కలిసి ఔరంగజేబు అండ తీస్కొని, తర్వాత ఆయన మీదనే తిరగబడ్డడు, నాగపూర్ కట్టింది గూడ ఆయనే. ఆఖరికి చాందాను తీస్కున్నది మొఘలులు కాదు, 1751ల నాగపూర్ మరాఠా రాజులు భోంస్లేలు.

అచలేశ్వర్ గేట్ కాడ గోండు రాజు బీర్‌షా సమాధి తప్పక చూడాలె. భర్త కోసం రాణి హీరాయి కట్టించింది. మహాకాళి గుడి కట్టించింది గూడ ఆమెనే అనంగనే మా అత్త నోరు తెరిచింది, ఎన్నేండ్ల సంది చైత్ర జాతరకు వస్తుందో, ఈ రాణి పేరే ఎప్పుడూ వినలేదట. అంత పెద్ద పని చేసిన ఆడమనిషి గురించి మన పిల్లలకు తెల్వకపోవుడు నాకు నిజంగ బాధయింది.

ఒక్కటి దిద్దుకోవాలె అన్న. కుందేలు కుక్కను తరిమిన జాగల ఊరు కట్టిండ్రన్నది జనం చెప్పుకునే కథ, దాన్ని గూడ చరిత్ర లెక్కనే చెప్పిండు, పిల్లలు అట్లనే నమ్ముతరు.

నా దిక్కు నుంచి ఐదుకు నాలుగు స్టార్లు. రేటు ఎక్కకముందే మాట్లాడుకోండ్రి, వెయిటింగ్ కలిపి చెప్పమనుండ్రి. ఎండాకాలం పిల్లలతోని అస్సలు వద్దు, చంద్రపూర్ ఎండ 45 దాటుతది.