1,800 రూపాయల ఐ5-3470 ప్రాసెసర్‌తో మా డీటీపీ సిస్టమ్ మళ్లీ దారిలో పడింది

హన్మకొండలో కేయూ క్రాస్ రోడ్డు పక్క గల్లీలో మాది చిన్న డీటీపీ సెంటర్. 2013లో అసెంబుల్ చేయించిన సిస్టమ్ మీదే ఇప్పటికీ పని నడుస్తోంది. హెచ్61 మదర్‌బోర్డు, పెంటియం జీ2020 ప్రాసెసర్. ర్యామ్ 4 నుంచి 8 జీబీకి పెంచాను, రెండేళ్ల కింద పాత హార్డ్ డిస్క్ కన్నా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ కూడా పెట్టాను. అయినా పేజీలు అమర్చే పేజ్‌మేకర్‌లో ఎవరిదో థీసిస్ తెరిచి, పక్కన క్రోమ్‌లో ఈపాస్ స్కాలర్‌షిప్ ఫారం నింపుతూ, ఫొటోషాప్‌లో పాస్‌పోర్టు ఫొటో కోస్తుంటే మౌస్ ఉన్నచోటే ఆగిపోయేది. అవతల చివరి తేదీ అని పిల్లలు నిలబడి ఉంటారు, వాళ్ల టెన్షన్ చూస్తే నాకు చేతులు ఆడేవి కావు.

మొదట వెళ్లిన షాపులో సిస్టమ్ తెరవకుండానే "దీని పని అయిపోయింది, కొత్తది తీసుకో, 28 వేలు అవుతుంది" అన్నారు. అంత డబ్బు నా దగ్గర లేదు. ఇంటికొచ్చి మామూలుగా పని చేసుకుంటూ ఏది ఎంత వాడుకలో ఉందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకున్నాను. డిస్క్ ఖాళీగానే ఉంది, మెమరీ సగం పైన ఉంది, సీపీయూ, అంటే ప్రాసెసర్ మాత్రం 100 శాతం దగ్గర నుంచి దిగట్లేదు. మీరూ ఏదైనా కొనే ముందు ఈ పని తప్పకుండా చేయండి. డిస్క్ 100 చూపిస్తుంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేసుకోవాలి, ప్రాసెసర్ మార్చినా తేడా తెలియదు.

తర్వాత చౌరస్తా వైపు పాత కంప్యూటర్లు రిపేర్ చేసే ఒక చిన్న షాపుకు వెళ్లాను. ఆ తమ్ముడు మొదట అడిగింది ధర గురించి కాదు. "అన్నా, బోర్డు మీద మోడల్ నంబరు ఫొటో తీసుకొని రా, అప్పుడు చెప్త" అన్నాడు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది. మా బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు 1155 సాకెట్, అంటే ఇంటెల్ రెండో, మూడో తరం చిప్‌లే ఎక్కుతాయి. జీ2020 కూడా మూడో తరం కాలం చిప్పే కాబట్టి మా బోర్డు బయోస్ (ఆన్ చేయగానే బోర్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ముందే సిద్ధంగా ఉంది. మీది జీ630, ఐ3-2120 లాంటి రెండో తరం అయితే మాత్రం పాత చిప్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి, లేకపోతే కొత్తది పెట్టాక స్క్రీన్ మీద ఏమీ రాకపోవచ్చు. బోర్డు కంపెనీ సైట్‌లో ఏ ప్రాసెసర్ ఏ బయోస్‌తో నడుస్తుందో జాబితా ఉంటుంది, అది చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ఆ తమ్ముడు ఐ5-3470కు 1,800 చెప్పాడు. ఐ7-3770 కూడా చూపించాడు, దానికి 4,000 చెప్పాడు. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, మంచి చిప్పే. కానీ రెండింటిలో ఏది పెట్టినా విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, దానికి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అనుమతి. విండోస్ 10 సపోర్టేమో 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇలాంటి బోర్డు మీద రెండు వేలు దాటి పెట్టడం నాకు సరి అనిపించలేదు, అందుకే 3470 తీసుకున్నాను. చిప్ మీద అక్షరాలు జాగ్రత్తగా చదవండి. 3470 పక్కన 'టీ' ఉంటే అది రెండు కోర్లదే, పేరు ఐ5 అయినా సరే. షాపులో వాళ్ల బోర్డులో పెట్టి, ఆన్ చేసి చూపించి, నెల రోజుల మార్పిడి అని బిల్లు మీద రాసిచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో ఇంతకన్నా ఏం కావాలి.

బిగించడం నేనే చేశాను. 1155లో పిన్నులు చిప్‌కు ఉండవు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి, వెంట్రుకంత సన్నగా. ఒక్కటి వంగినా బోర్డే పోవచ్చు. అందుకే చిప్‌ను గాట్లు చూసి నిదానంగా దించాలి, నొక్కకూడదు. చిప్ వేడిని కూలర్‌కు చేర్చే పాత పేస్టు ఎండి రాయిలా అయ్యింది, తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెట్టాను. నేను తప్పు చేసింది చిప్ మీద ఫ్యాన్‌తో ఉండే కూలర్ దగ్గర. నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి పూర్తిగా దిగలేదు, ఆన్ చేసిన అయిదు నిమిషాల్లో వేడి 95 డిగ్రీలు దాటింది. గుండె ఆగినంత పనైంది. వెంటనే ఆపి, బోర్డు బయటికి తీసి, వెనక నుంచి నాలుగు పిన్నులూ దిగాయో లేదో చూసి మళ్లీ బిగించాక 60 పైన ఎక్కడో నిలబడింది. మన వరంగల్ ఎండల్లో ఇది చాలా ముఖ్యం, ఏసీ లేని గది అయితే మరీ.

ఇప్పుడు ఆర్నెల్లయింది. ఫారాలు, ఫొటోలు, స్కానింగ్ అన్నీ ఒకేసారి నడుస్తున్నాయి, మౌస్ ఆగట్లేదు. యూట్యూబ్‌లో ఇదివరకు 1080పీ పెడితే తెగితెగి వచ్చేది, ఇప్పుడు తెగట్లేదు. పేజ్‌మేకర్ ఒక్కటే నడిపితే మాత్రం పెద్ద తేడా లేదు, అది ఒక్క కోర్ మీదే పని చేసే పాత సాఫ్ట్‌వేర్, చిప్ వేగం 2.9 గిగాహెర్ట్జ్ నుంచి 3.6కు వచ్చినంత వరకే లాభం. గేములు ఆడదామనుకుంటే ఇది వద్దు, లోపలి గ్రాఫిక్స్ దాదాపు పాతదానిలాగే ఉంది. కరెంటు కొంచెం ఎక్కువ లాగుతుంది, 55 వాట్ల చిప్ స్థానంలో 77 వాట్లది వచ్చింది, సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే మా ఎస్‌ఎంపీఎస్‌కు ఇబ్బంది కాలేదు.

మా బావమరిది దగ్గర ఐ3-2120 సిస్టమ్ ఉంది, పిల్లల చదువుకు వాడుతున్నాడు. వచ్చే ఆదివారం దానికి ముందు బయోస్ చూసి, తర్వాతే ఆ షాపుకు తీసుకెళ్తున్నాను. మీరు వెళ్లేటట్టయితే పొద్దున పూట వెళ్లండి, సాయంత్రం ల్యాప్‌టాప్‌ల వాళ్లతో నిండిపోయి ఆ తమ్ముడికి మాట్లాడే తీరిక ఉండదు.