రాత్రి కప్పల నడక: గైడు బంగారం, కార్డు మార్చాలి

కడపలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు బెంగళూరు కనకపుర రోడ్డులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నా. మొన్న శనివారం వాన వెలిశాక, మనవరాలితో కలిసి శివారు చెరువు గట్టు మీద జరిగే కప్పల నడకకు వెళ్లాను. మనిషికి ఆరువందలు, రెండు గంటలు, టార్చి వాళ్లదే.

గైడు కన్నడ కుర్రాడు. వీధి దీపం కింద పురుగుల కోసం కాచుకున్న గోదురు కప్పను చూపించి, టార్చి దాని కళ్లలో పడకుండా పక్కనుంచి వేయించాడు. తల మీద నల్లటి గట్లు, బొడిపెలకు నల్ల కొనలు, కంటి వెనక ఉబ్బెత్తుగా పెరోటాయిడ్ గ్రంథి. అన్నీ తీరిగ్గా చూపించాడు. "ముట్టుకుంటే పులిపిర్లొస్తాయా?" అని మా పిల్ల అడిగింది. "పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి పాపా, కప్ప వల్ల కాదు. కానీ ఈ గ్రంథిలోంచి పాలలాంటి విషం వస్తుంది, కళ్లకు తగిలితే మంట" అన్నాడు. అంత ఓపిగ్గా చెప్పేవాళ్లు అరుదు.

చేతికిచ్చిన కార్డే నచ్చలేదు. అందులో ఈ కప్పకు ఇంకా 'బ్యూఫో మెలనోస్టిక్టస్' అనే పాత శాస్త్రీయ నామమే ఉంది. మన కప్పల శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరు మీద 2006లోనే 'దత్తాఫ్రైనస్' ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఏర్పడి, ఈ కప్ప అందులోకి మారింది. మన వాకిట్లో తిరిగే జీవికి మన మనిషి పేరుందని పిల్లలకు తెలియొద్దూ?

కార్డు వెనక 'చర్మం గరుకుగా ఉంటేనే గోదురు కప్ప' అని మరో తప్పు. గోదురు కప్పల కుటుంబమైన బ్యూఫోనిడేలో ఆరువందలకు పైగా జాతులున్నాయి. దక్షిణ అమెరికాలో రంగురంగుల అటెలోపస్‌లలో చాలావాటి ఒళ్లు నున్నగా ఉంటుంది. మన పడమటి కనుమల పెడోస్టైబస్ చెట్లెక్కుతుంది. టాంజానియాలో నెక్టోఫ్రినాయిడిస్ గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కంటుంది. ఇవన్నీ ఒకే ఇంటివి! ఏ ఒక్కదానికీ నోట్లో పళ్లుండవు. దాదాపు అన్నిటి మగవాటిలోనూ బిడ్డర్ అవయవం ఉంటుంది, అంటే ఎదగని చిన్న అండాశయం. వృషణాలు తీసేస్తే అది నిజం అండాశయంగా మారగలదు. చివర్లో టీ తాగుతూ ఇది చెబితే, ఆ కుర్రాడు ఫోన్లో రాసుకున్నాడు. కార్డు మారుస్తానన్నాడు.

ఇరవై రెండు మందిని ఒకే గుంపుగా తిప్పడం ఎక్కువ, వెనకున్న పిల్లలకు కప్ప కనబడలేదు. పన్నెండుకు మించకూడదు. వెళ్లేవాళ్లు బూట్లు వేసుకోండి, గట్టంతా బురద. బుక్ చేసేది వాన పడిన రోజుకే చేసుకోండి.