పాత పద్మినికి మరమ్మతు: రిస్టోరేషన్ గ్యారేజీ మేలా, ఆటోనగర్ మేస్త్రీ మేలా?

ప్రీమియర్ పద్మిని, అంబాసిడర్ వంటి పాత కార్లు ఇంట్లో ఉన్నవారు కలిసినప్పుడల్లా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: బండిని పూర్తిగా బాగు చేయించాలంటే పాత కార్లను నాటి రూపానికి తెచ్చే రిస్టోరేషన్ గ్యారేజీకి అప్పగించాలా, లేక ఆ ఇంజన్ల మీద చేయి తిరిగిన పాత మేస్త్రీ దగ్గరకు తీసుకువెళ్లాలా? మా నాన్నగారి పద్మినిని మొదట హైదరాబాదులోని ఒక రిస్టోరేషన్ గ్యారేజీకి ఇచ్చి, ఆ పని తృప్తినివ్వకపోవడంతో మిగిలినదంతా విజయవాడ ఆటోనగర్‌లో చేయించుకున్నాం గనుక, రెండింటి గుణదోషాలనూ చెప్పగలననుకుంటున్నాను.

బాడీ పని విషయంలో గ్యారేజీదే పైచేయి. దుమ్ము చొరబడని పెయింటింగ్ బూత్, పాత రంగును రేకు వరకు గీకి తీసే ఓపిక, సీట్లకు నాటి నమూనాలోనే కుట్టుపని, అన్నీ ఒకేచోట దొరకడం చిన్న సౌకర్యం కాదు. మా బండి రంగు ఇప్పటికీ చూడముచ్చటగానే ఉంది. అయితే తలుపుల కింది అంచున తుప్పు పట్టిన రేకును కోసి కొత్తది వెల్డింగ్ చేయవలసిన చోట పుట్టీ నింపి పైన రంగు వేశారని తొలి వర్షాకాలంలోనే బయటపడింది. టింకరింగ్ (రేకు పని) ఎంత నిజాయితీగా జరిగిందో రంగు వేశాక కంటికి కనిపించదు. అందుచేత ప్రైమర్ వేయకముందే వెళ్లి చూసుకునే వీలు ఏ గ్యారేజీ ఇవ్వదో, ఆ గ్యారేజీకి బాడీ పని కూడా ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ఇంజను సంగతికి వస్తే తేడా ఇంకా స్పష్టం. పద్మినిది 1089 సి.సి. ఇంజను, పాత అంబాసిడర్‌ది 1489 సి.సి.; రెండూ పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్, ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మీద నడిచేవే. స్కానర్ తగిలించి లోపం కనిపెట్టే పని వీటిలో లేదు. టాపెట్ గ్యాప్, పాయింట్ల గ్యాప్, టైమింగ్ సరిచూసి, ఇంజను శబ్దాన్ని బట్టి లోపం పోల్చుకునే విద్య మేస్త్రీలకు ఏళ్ల తరబడి చేసిన పనిలోంచి వచ్చింది. పైగా ఆటోనగర్‌లో రీబోర్ (అరిగిన సిలిండర్‌ను తొలిచి సరిచేయడం) ఒక చోట, క్రాంక్ గ్రైండింగ్ మరొక చోట, లేత్ పని ఇంకొక చోట, అన్నీ దగ్గరలోనే దొరుకుతాయి.

ఇవన్నీ ముఖ్యమే అయినా, నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చేది వేరొకటి: బండి నుంచి విప్పిన సామాను ఎవరి దగ్గర ఉంటుందన్నది. పద్మిని తయారీ 2000 ప్రాంతంలో ఆగిపోయింది, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగింది. ఇక దొరికేది పాత నిల్వ సరుకు, తుక్కు బండ్ల సామాను, లేదా నకళ్లు. అరిగిన అసలు కార్బొరేటర్‌కు లేత్ మీద కొత్త బుష్ వేయించి, కిట్ మార్చితే మళ్లీ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. దాన్ని తీసేసి నాసిరకం నకలు బిగిస్తే బండి స్టార్ట్ అవుతుంది గానీ స్లో (నిలబడి ఉన్నప్పటి ఇంజను వేగం) సరిగ్గా నిలవదు. మాకు జరిగింది అదే. విప్పిన కార్బొరేటర్, క్రోమ్ బీడింగులు, వీల్ కప్పులు ఏవని అడిగితే పాత ఇనుము కింద పోయాయని గ్యారేజీవారు అన్నారు. నలభై ఏళ్లకు పైగా నాన్నగారు తుడిచి దాచుకున్న వస్తువులవి. ఆ జవాబు విన్నప్పటి బాధ బిల్లు తగ్గించినంత మాత్రాన తీరలేదు. ఆటోనగర్ మేస్త్రీ మాత్రం మార్చిన ప్రతి బుష్‌నూ, ప్రతి సీల్‌నూ గోనెసంచిలో వేసి, బండితో పాటు అప్పగించాడు.

అసలు సామాను నిలుపుకోవడానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. తొలి పద్మినులు ఇప్పటికే ఆ వయసు దాటాయి. రీబోర్ శ్రమ ఎందుకని తుక్కు బండి ఇంజను తెచ్చి బిగించే ప్రతిపాదన గ్యారేజీ నుంచి వచ్చినా, మేస్త్రీ నుంచి వచ్చినా ఒప్పుకోవద్దు. ముందస్తు అనుమతి లేకుండా ఇంజను మార్చితే ఆర్.సి.లోని నంబరుకూ బండికీ పొంతన ఉండదు.

మేస్త్రీలతో ఇబ్బందులు లేవని కాదు. రాతకోతలు ఉండవు, చెప్పిన తేదీకి బండి ఇవ్వరు, యజమాని దగ్గరుండకపోతే పని పక్కకు పోతుంది, సామాను కోసం మనమే తిరగాలి. విదేశాల్లో ఉంటూ ఊళ్లోని తండ్రిగారి కారు బాగు చేయించాలనుకునేవారికి ఇది కష్టమే. ఇథనాల్ కలిసిన పెట్రోలు విషయంలో కూడా చాలామంది మేస్త్రీలు పాత అలవాటునే పాటిస్తున్నారు. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ దెబ్బతినే ప్రమాదం ఉంది గనుక, దానికి తట్టుకునేవి వేయమని మనమే అడిగి చేయించుకోవాలి.

అన్ని కంపెనీల కార్లూ చూసే సర్వీసు సెంటర్లు ఆయిల్ మార్పిడికి, టైర్ల పనికి సరిపోతాయి. పాయింట్లు, ప్లగ్గులు శుభ్రం చేసుకోవడం ఇంట్లోనే నేర్చుకోవచ్చు.

ఇప్పుడు ఎవరు అడిగినా, ఇంజను, బ్రేకులు, సస్పెన్షన్ మేస్త్రీ చేత చేయించి, ఆ తరువాతే బాడీ పని గ్యారేజీకి ఇమ్మని చెబుతున్నాను. ఇచ్చేముందు ఇంజను, ఛాసిస్ నంబర్లు, కార్బొరేటర్, బీడింగులు, మీటర్లు ఫొటోలు తీసి జాబ్ కార్డులో (గ్యారేజీవారు పని వివరాలు రాసిచ్చే కాగితంలో) రాయించి, విప్పిన ప్రతి వస్తువూ తిరిగి ఇవ్వాలన్న షరతు మీద సంతకం తీసుకోవాలి. చేసిన పనికి కూలి ముట్టేవరకు బండిని తన దగ్గర ఉంచుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను మరమ్మతుదారుకు ఇస్తోంది. కాబట్టి దశలవారీగా చెల్లించి రశీదులు దాచుకుంటే తగవు వచ్చినప్పుడు బండి అక్కడ చిక్కుకుపోదు. సేవాలోపం మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది, అక్కడ ఆ జాబ్ కార్డే మొదటి సాక్ష్యం.